శిరీష పలికింది

మధ్యలో ఎవరూ నవ్వొద్దు. నవ్వితే ఆపేస్తాను. ఇది ఎక్కడో విన్నది కాదు. నాకే జరిగింది. సూర్యాపేటలో ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, పొద్దున లేస్తే రక్తం తీయడమే నా పని. తేలిగ్గా భయపడే మనిషిని కానని మీకు తెలుసు. అయినా ఆ రాత్రి మాట ఎత్తితే ఇప్పటికీ అరచేతులకు చెమట పడుతుంది. ఇదిగో, ముట్టుకుని చూడండి.

అప్పుడు నాది డిగ్రీ ఆఖరి సంవత్సరం. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి, పొలాల మధ్య ఉండేది మా కాలేజీ. ఆడపిల్లల రెసిడెన్షియల్. చదువు, తిండి, పడక అన్నీ అక్కడే. సొంత బిల్డింగ్ లేదు. మూతపడ్డ ఇంజనీరింగ్ కాలేజీ ఒకటి కిరాయికి తీసుకుని నడిపేవాళ్లు. కింద క్లాసులు. పైన డార్మిటరీ, వరసగా ఇనుప మంచాలు. వెనక మెస్. మెస్ వెనక మోటరు షెడ్డు. దాని పక్కన సంపు... భూమిలోకి కట్టిన నీళ్ల తొట్టి. మనిషి నిలబడితే పైన ఇంకా రెండు చేతుల లోతు ఉంటుంది. దాని ఇనుప మూత ఎప్పుడో విరిగిపోయింది. రేకు ముక్క ఒకటి కప్పి, పైన రాయి పెట్టేవాళ్లు. మూత మార్చమని మేం కాగితం కూడా రాసిచ్చాం. ఆ కాగితం ఏమైందో తెలియదు.

బతుకమ్మ సెలవులు. అందరూ ఊళ్లకు పోయారు. పన్నెండు మందిమి మిగిలాం. చాలామందికి సప్లిమెంటరీ పరీక్షలు, నాకు కూడా. ఫస్టియర్ వాళ్లలో ఉండిపోయింది శిరీష ఒక్కతే. వాళ్లది పెద్దవూర దగ్గర ఊరు. అమ్మానాన్నలు గొర్రెలను తోలుకుని మేత కోసం కృష్ణ దాటి పోయారు. ఇంటికి తాళం. ఆ పిల్ల ఎక్కడికి పోవాలి? మాట తక్కువ. అందరినీ అక్కా అక్కా అంటూ, ఏ పని చెప్పినా చేసేది. తల నుంచి కాళ్ల దాకా దుప్పటి కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. కిటికీ దగ్గర, ఆ చివరి మంచం ఆమెది.

ఆ రోజు సాయంత్రం నుంచే వాన. ఏడింటికి ఒక అమ్మాయికి వాంతులు పట్టుకున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. వార్డెన్ మేడం ఆటో పిలిపించి ఆమెను మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయారు. పోయేముందు అటెండెన్స్ రిజిస్టరు, తన చిన్న బటన్ల ఫోనూ నా చేతిలో పెట్టారు. మా దగ్గర ఫోన్లు ఉండనిచ్చేవాళ్లు కాదు.

"నాగమణీ, ఉన్నోళ్లల్ల నువ్వే పెద్దదానివి," అన్నారు. "పది గంటలకు అటెండెన్స్ తీసి నా పెద్ద ఫోన్‌కు చెయ్యి. ఒక్కొక్కరి పేరు పిలువు. ఉత్తగ టిక్కులు పెట్టకు."

"సరే మేడం," అన్నాను.

అన్నం తిన్నాం. ఎనిమిదిన్నరకు నల్లాలో నీళ్లు ఆగిపోయాయి. గేటు దగ్గర వాచ్‌మన్ సైదులు తాత ఉంటాడు, సంపులోంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటరు వేసేది ఆయనే. ఫోన్ చేశాను.

"సంపుల నీళ్లున్నయో లెవ్వో సూసి చెప్పు బిడ్డా," అన్నాడు. "నీళ్లు లేకుంట ఏస్తె మోటర్ కాలుతది. ఉన్నయంటె వచ్చి ఏస్త."

సంపు చూడాల్సింది నేను. నన్నే కదా చూడమన్నాడు. కానీ నేను మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటున్నాను. బయట వాన. ఎదురుగా శిరీష కనిపించింది. అంతే... ఇంకే కారణమూ లేదు. నేను సీనియర్ని, ఆమె ఫస్టియర్.

"శిరీషా, జర పోయి సంపుల నీళ్లున్నయేమో చూసి రాపో."

"వాన పడ్తుందక్క."

"జల్లే గదనే. ఉరికి రా."

ఆ పిల్ల లేచింది. చున్నీ తలమీద వేసుకుంది. తెల్ల చున్నీ. మెట్లు దిగిపోయింది. ఈ చున్నీ సంగతి ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

ఐదు నిమిషాలు కాలేదు, కరెంటు పోయింది. ఊరూ వాడా, చుట్టూ పొలాల మీద బల్బులు, అన్నీ ఒక్కసారే. పిల్లలు కేకలు పెట్టారు. తర్వాత నవ్వుకున్నారు. ఎవరో కొవ్వొత్తి వెలిగించారు. నా పక్క మంచం రజితది, కోదాడ అమ్మాయి. వాళ్ల మేనమామ పెళ్లిలో జరిగిన గొడవ చెబుతూ మమ్మల్ని కడుపు పట్టుకుని నవ్వించింది. కరెంటు లేదంటే మోటరు మాటే లేదు. నీళ్ల సంగతి మరిచిపోయాం. శిరీష సంగతీ మరిచిపోయాం. నిజం చెబుతున్నాను... ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

పది గంటలు. కొవ్వొత్తి అయిపోయింది. అందరూ పడుకున్నారు. వాన శబ్దం తప్ప ఏమీ లేదు. రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, ఫోన్ టార్చి వేసి పిలవడం మొదలుపెట్టాను. ఆ టార్చి రెండు మంచాల దాకా పోయేది, అంతే. మిగతాదంతా చీకటి. పేరు పిలవగానే ఒక్కో మూల నుంచి ఒక్కో గొంతు. నిద్రమత్తులో. ప్రెజెంట్ అక్క. ప్రెజెంట్. ఉన్ననక్క.

తొమ్మిది పేర్లు అయ్యాయి. పదోది...

"శిరీష."

పలకలేదు.

వాన. కిటికీ రెక్క ఎక్కడో కొట్టుకుంటోంది. టప్... టప్...

"శిరీషా."

అప్పుడు పలికింది.

"ప్రెజెంట్ అక్క."

ఆమె గొంతే. ఇందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ గొంతు... ఎట్లా చెప్పాలి... ఖాళీ బిందెలో నోరు పెట్టి మాట్లాడితే ఎట్లుంటుందో, అట్లుంది. చుట్టూ తిరిగి వస్తున్నట్టు. వానకు, పెద్ద హాలు కదా, అట్లా వినిపించిందేమో అనుకున్నాను. టిక్కు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, సంపు చూసి రమ్మని పంపింది ఈ పిల్లనే కదా అని.

లేచి ఆ వైపు నడిచాను. ఎందుకు లేచానో తెలియదు. మంచాల మధ్య సందులో చెప్పులు లేకుండా... గచ్చు చల్లగా ఉంది. టార్చి వెలుగు ఆ చివరి మంచం మీద పడింది. తల నుంచి కాళ్ల దాకా దుప్పటి. గోడవైపు తిరిగి. ఎప్పటిలాగే.

"సంపుల నీళ్లున్నయా శిరీషా?" అన్నాను.

కొంచెం సేపు ఆగి అంది.

"ఉన్నయక్క."

మళ్లీ ఆగింది.

"మస్తున్నయి."

దగ్గర నిలబడితే ఒక వాసన. నాచు పట్టిన గోడ వాసన. దుప్పటి వణుకుతోంది. సన్నగా, ఆగకుండా.

"జరమొచ్చిందా?"

"చలిపెడ్తుందక్క."

నాకు ఎర్ర చెద్దరు ఒకటి ఉండేది. మా అమ్మ కొనిచ్చింది, మందంగా ఉంటుంది. వెనక్కి వచ్చి, నా మంచం మీది నుంచి అది తీసుకుని పోయి ఆమె మీద కప్పాను. భుజం దగ్గర సర్దుతుంటే దుప్పటిలోంచి చెయ్యి బయటికి వచ్చింది. చెద్దరు అంచు పట్టుకుంది. ఆ వేళ్లు నా వేళ్లకు తగిలాయి...

చల్లగా ఉంటే ఉన్నాయి అనుకోవచ్చు. అది కాదు. ఆ వేళ్లు ముడతలు పడి ఉన్నాయి. బట్టలు ఉతికి ఉతికి, చాలాసేపు నీళ్లలో నానితే వేళ్ల కొసలు ఎట్లా ముడుచుకుపోతాయి? అట్లా. తెల్లగా, మెత్తగా.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏమీ అడగలేదు. అడగాలనిపించలేదు. అప్పుడు నేను టార్చి ఆ ముఖం మీద వేసి ఉంటే... వేయలేదు.

మంచం మీదికి వచ్చి మేడంకి ఫోన్ చేశాను. "అందరు ఉన్నరు మేడం. నాతోని పదకొండు మంది," అన్నాను. "పండుకోండ్రి ఇగ," అన్నారు మేడం.

పడుకున్నాను. నిద్ర పట్టిందో లేదో చెప్పలేను. నీళ్లు కారుతున్న శబ్దం వింటున్నట్టే ఉంది రాత్రంతా.

నాలుగు దాటాక కరెంటు వచ్చింది. ఫ్యాన్లు కిర్రుమన్నాయి. ట్యూబులైట్లు రెండు మూడు సార్లు కొట్టుకుని వెలిగాయి. వెనక నుంచి మోటరు మోత మొదలైంది. బోరు మోటరుకు ఆటో స్టార్టర్ ఉంది... కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయి సంపులోకి నీళ్లు పోస్తుంది.

కళ్లు తెరిచి మొదట చూసింది ఆ చివరి మంచం వైపే.

మంచం ఖాళీ.

ఖాళీ అంటే లేచి పోయిన ఖాళీ కాదు. పరుపు మీద ముడత లేదు. దుప్పటి మడత పెట్టి తలాపున ఉంది. శిరీష పొద్దున ఎట్లా మడత పెడుతుందో అట్లాగే. ఆ పక్క మీద రాత్రి ఎవరూ పడుకోలేదు. నా ఎర్ర చెద్దరు అక్కడ లేదు. నా మంచం మీదా లేదు.

రజితను లేపాను. "శిరీష ఏది?"

"బాత్రూంకి పోయి ఉంటదిలే," అంది కళ్లు తెరవకుండా.

బాత్రూములు చూశాను. లేదు. మెట్ల దగ్గర నిలబడ్డాను. కింద నుంచి మోటరు మోత వస్తోంది. అప్పుడు ఒక్కసారిగా తెలిసింది నాకు. ఎట్లా తెలిసిందని అడగొద్దు. కాళ్లు వాటంతట అవే పరుగెత్తాయి. మెస్ చుట్టూ తిరిగి పోయాను. వాన ఆగింది. బురద. షెడ్డు మీద బల్బు వెలుగుతోంది.

రాయి పక్కకు జరిగి ఉంది. రేకు లేదు... లోపలికి కుంగిపోయింది.

వంగి చూశాను. ట్యాంకుకు పోయే పైపు పట్టుకుని రెండు చేతులు. వాటి మధ్య ముఖం, పైకి ఎత్తి ఉంది. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. పక్కనే బోరు పైపు లోంచి ధార పడుతూనే ఉంది.

నేను అరిచానట. సైదులు తాత గేటు దగ్గర నుంచి విన్నానన్నాడు. స్టార్టర్ ఎరుపు బటన్ నొక్కింది నేనో, నా వెనకే వచ్చిన రజితో గుర్తు లేదు. తాత నిచ్చెన దింపి, తనూ దిగి, శిరీషను భుజం మీద వేసుకుని పైకి ఎక్కించాడు. కాలు చీలమండ దగ్గర పక్కకు తిరిగి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి మాత్రం ఉంది.

ఆమె భుజాల చుట్టూ, మెడ దగ్గర ముడి వేసి, నా ఎర్ర చెద్దరు ఉంది. తడిసి బరువెక్కి.

రాత్రి ఎనిమిదిన్నర నుంచి తెల్లవారు నాలుగు దాకా ఆ పిల్ల ఆ నీళ్లలో నిలబడే ఉంది.

అంబులెన్సు వచ్చి మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది. మేడం అదే దవాఖానలో ఉన్నారు కదా, పొద్దున్నే తిరిగొచ్చి మా అందరినీ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగారు. శిరీష బదులు ఎవరు పలికారు? అందరూ తల అడ్డంగా ఊపారు. సరదాకైనా ఎవరైనా పలికి ఉంటారని నేనూ అనుకున్నాను. అట్లా అయితే బాగుండు అనుకున్నాను. తర్వాత చాలా రోజులు ఒక్కొక్కరినీ విడిగా బతిమాలాను. ఏమీ అనను, చెప్పండి అని. ఎవరూ ఒప్పుకోలేదు.

శిరీష పక్క మంచం అమ్మాయి మాత్రం ఒక మాట అంది. "నువ్వు చెద్దరు కప్పినవ్ గదక్క. నాకు టార్చి వెలుగు కొట్టింది. ఎవరికో కప్పుతున్నవ్ అనుకున్న." మంచం మీద మనిషిని చూసిందా అంటే, గుర్తు లేదంది.

రజిత నమ్మలేదు. "నువ్వు సాయంత్రమే ఇచ్చుంటావే, వానకి కప్పుకొని పొమ్మని," అంది. "భయానికి నీకు ముందూ వెనకా కలిసిపోయినయి."

"చున్నీ వేసుకొని పోయిందే. నేను చూసిన."

"చీకట్లో ఏం చూశావు?"

"అప్పటికి కరెంటు పోలేదే."

రజిత ఊరుకుంది. మేడం మాత్రం ఊరుకోలేదు. రిజిస్టరు తెరిచి, పదో పేరు మీద వేలు పెట్టి నా ముందుకు తోశారు.

"ఉత్తగ టిక్కులు పెట్టకు అన్న. అన్ననా లేదా? ఆ పిల్ల పోతె ఎవరు జవాబు చెప్పేది నాగమణీ?"

నేను పేరు పిలిచానని చెప్పాను. పలికిందని చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఉంది చూడండి... అబద్ధాలకోరును చూసినట్టు కూడా కాదు. జాలిగా. కాలేజీ వదిలిపోయే దాకా మేడం మళ్లీ నా చేతికి ఏ పనీ ఇవ్వలేదు.

వారం తర్వాత దవాఖానకు పోయాను. ఒక్కదాన్నే. గుమ్మం బయట బెంచీ మీద శిరీష వాళ్ల నాన్న కూర్చున్నాడు. గొర్రెలను ఎవరికో అప్పగించి వచ్చాడట. భుజం మీద గొంగడి. నన్ను చూసి లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"నాగమణివి నువ్వేనా బిడ్డా?"

"అవు."

"రాత్రి పది గొట్టంగ నా బిడ్డ పక్కమీద ఉన్నదని రాసినవట."

"ఉన్నది బాపూ. పలికింది. నేను పేరు పిలిస్తె పలికింది."

ఆయన ముఖంలో కోపం లేదు. లెక్క కుదరని మనిషి చూసినట్టు చూశాడు.

"అదీ అదే చెప్తున్నది," అన్నాడు. "లోపటికి పో. నువ్వే అడుగు."

లోపలికి పోయాను. కాలికి కట్టు. ముఖం పాలిపోయింది. నన్ను చూడగానే శిరీష నవ్వింది. ఆ నవ్వుకే నాకు ఏడుపొచ్చింది. నేనే పంపాను, తప్పంతా నాదే, అని చెప్పబోయాను. ఆమె వినడం లేదు. నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు మామూలుగానే ఉన్నాయి, వెచ్చగా.

"శానా సేపు అర్సిన అక్క," అంది. "వానకు ఎవ్వలకు ఇనవళ్లే. చలికి ఇగ పాణం పోతది అనుకున్న. గప్పుడు నువ్వొచ్చినవ్."

"నేనా?"

"పేరు పిలిచినవ్ గద. ఒక్కసారి పిలిస్తె నోరు రాలే. రెండోసారి పిలిచినంక ప్రెజెంట్ అక్క అన్న. లైటు పట్టుకొని వంగినవ్. నీళ్లున్నయా అన్నవ్. ఉన్నయక్క, మస్తున్నయి అన్న. చలిపెడ్తుందంటె చెద్దరు ఏసినవ్. నీ ఏళ్లు గూడ తగిలినయి నాకు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. పక్క మంచం దగ్గర ఎవరో గ్లాసులో నీళ్లు పోస్తున్నారు. ఆ మాటలు... నీళ్లున్నయా అన్నది, మస్తున్నయి అన్నది... అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు. రజితకు కూడా. పేరు పిలిస్తే పలికిందనీ, చెద్దరు కప్పాననీ చెప్పాను, అంతే.

శిరీష నా చెయ్యి వదల్లేదు. గొంతు తగ్గించింది. కోపంగా కాదు, నిజంగా తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"మరి నన్ను తియ్యకుంట ఎందుకు పోయినవక్క?"

నేను ఏం చెప్పాలి? మీరైతే ఏం చెబుతారు?

ఆ పిల్ల సెలవులు అయ్యాక కాలేజీకి తిరిగి రాలేదు. మిర్యాలగూడలోనే వేరే కాలేజీలో చేరి డిగ్రీ పూర్తి చేసింది. కొంచెం కుంటుతుంది. నాతో బాగానే మాట్లాడుతుంది. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

ఆమె నా దగ్గరికి వచ్చిందని నేను అనుకుంటున్నాను. ఒంటికి అంత కష్టం వస్తే ప్రాణం తెలిసినవాళ్ల దగ్గరికి పోతుందేమో. మా అమ్మ కూడా అదే అంటుంది. అట్లా అనుకుంటే భయం వేస్తుంది గానీ, నిద్ర పడుతుంది.

ఇంకొకటి ఉంది. ఇది ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఆ తెల్లవారుజామున పరుగెత్తేటప్పుడు, డార్మిటరీ గుమ్మం బయట నా చెప్పుల్లో కాళ్లు పెట్టాను చూడండి... అవి అప్పటికే తడిసి ఉన్నాయి. లోపల బురద జారింది. నేను ఆ సాయంత్రం అన్నం తిని వచ్చి, చెప్పులు తుడిచి పెట్టాక గుమ్మం దాటలేదు. దాటలేదనే అనుకుంటున్నాను.

జల్లుకు తడిశాయేమో. వరండాలోకి వాన కొడుతుంది. పక్కనే రజిత చెప్పులు కూడా ఉన్నాయి. అవీ తడిసి ఉంటే ఏ గొడవా లేదు.

నేను చూడలేదు.